జరీ త్రాసులో తూగిన వాచీ

మా పీఈటీ సార్ పోయారన్న కబురు నాకు మనిషి నోటితో అందలేదు. పరుగు గ్రూపులో అందింది. ఆ పొద్దున నాగర్‌కర్నూల్‌లో డ్యూటీకి బయల్దేరుతూ ఫోన్ తీస్తే "సార్ ఇక లేరు" అని ఒక మెసేజ్. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో పెద్దమనిషి తాను ఆ పొద్దు ఉరికిన ఎనిమిది కిలోమీటర్ల లెక్క, చెమట పట్టిన తన మొహం, వాచీ కట్టిన చెయ్యి ఫొటో తీసి పెట్టాడు. దానికి చప్పట్లు కొట్టే బొమ్మలు వచ్చాయి. చావుకు దండం పెట్టిన వేలే పరుగుకు చప్పట్లు కొట్టింది.

ఇది కోపంతో రాస్తున్నాను. స్మృతి అంటే మెత్తగా రాయాలని తెలుసు. చేతకావడం లేదు.

సార్ గద్వాలలో సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైర్ అయ్యారు. పుట్టింది చేనేత ఇంట్లో. బడి నుంచి వచ్చాక మగ్గం పనిలో చెయ్యి వేసేవారు, రిటైర్ అయ్యాక కూడా వేశారు. రోజూ పొద్దున బడి గ్రౌండ్‌లో పోలీసు ఉద్యోగాలకు పోయే పిల్లలతో పరుగు ప్రాక్టీస్ చేయించేవారు. ఎవరినీ ఒక్క రూపాయి అడగలేదు. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని. ఇప్పుడు కానిస్టేబుల్‌ని. ఆఖరి రోజు కూడా ఆయన గ్రౌండ్‌కు పోయి, ఉరికి, ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ పక్కకు ఒరిగిపోయారట. ఒక లేసు విప్పి ఉంది, ఒకటి విప్పలేదు.

నేను గద్వాల చేరేసరికి పాడె లేచింది. మూడు జిల్లాల నుంచి గ్రూపువాళ్లు వచ్చారు. వచ్చినందుకు సంతోషపడ్డాను కూడా. నా ముందు నడుస్తున్న ఒకతను వీధి మలుపులో చెయ్యి పైకెత్తి వాచీ బటన్ నొక్కాడు. అది కుయ్‌మంది. ఎందుకో నాకు సాయంత్రం అర్థమైంది. "సార్‌తో చివరి నడక" అని గ్రూపులో పటం పెట్టాడు. ఆయన ఇంటి నుంచి చితి దాకా ఎర్రని గీత, కింద దూరం, పట్టిన టైము, కరిగిన క్యాలరీలు. శవం వెనక నడిచి క్యాలరీలు లెక్కపెట్టుకున్న మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. నోట్లో ఉమ్మి ఊరింది, మింగేశాను.

వాళ్లను అంటున్నాను గానీ, ఆ రోగం మొదట నాకే పట్టింది. ఉద్యోగం వచ్చిన రెండో ఏడు నేనొక వాచీ కొన్నాను. నల్లగా, మందంగా, చుట్టూ నాలుగు మేకులు కొట్టినట్టు ఉండేది. దాన్ని కట్టుకొని, చెయ్యి నలుగురికీ కనబడేలా ఊపుకుంటూ సార్ ఇంటికి పోయాను. ఆయన చూసి నవ్వలేదు.

"ఏంది పిల్లా ఇది? గడియారమా, తాళంకప్పనా?"

"మిలిటరీ మోడల్ సార్."

"నువ్వు లడాయికి పోతున్నవా, ఉరకనీకి పోతున్నవా? ఇటియ్యి."

మగ్గం పక్కన గూట్లో జరీ తూచే చిన్న త్రాసు ఉండేది. పాతది, రెండు ఇత్తడి పళ్లేలది. నా వాచీని ఒక పళ్లెంలో పెట్టి, రెండో దాంట్లో జరీ దారం చుట్టిన కండెలు ఒక్కటొక్కటే వేస్తూ పోయారు. త్రాసు కదలలేదు. కండెలు వేసిన కొద్దీ నా మొహం మాడిపోయింది. మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న అమ్మ (సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్లం) కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"వాచీ నిన్ను మొయ్యదు బిడ్డా. నువ్వే దాన్ని మోస్తవు. వెయ్యిసార్లు చెయ్యి ఊపితే వెయ్యిసార్లు మోస్తవు," అన్నారు సార్. ఆ మాట ఆయన తర్వాత ఎందరికి చెప్పారో లెక్కలేదు.

నేను దాన్ని మార్చలేదు. నలుగురూ చూసే వస్తువును వదులుకోవడం అంత తేలిక కాదు.

ఆయనను మాత్రం ఆ రోజు నుంచి వాచీ పురుగు తొలిచింది. మూడు నెలలు కనబడినవాళ్లనల్లా అడిగి, ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకొని వనపర్తిలో ఒక దుకాణానికి పోయారు. చొక్కా జేబులో జరీ కండె ఒకటి వేసుకుని వచ్చారు. దుకాణం అతను డబ్బాలు వరసగా తెరిచి, ఫోన్లు వస్తాయి, పాటలు వస్తాయి, నూరు రకాల ఆటలు ఉన్నాయి అని చెప్పుకుంటూ పోతున్నాడు.

"నేను ఉరికేటప్పుడు నాకెవరు ఫోన్ జేస్తరయ్యా? యముడా?" అన్నారు సార్.

సార్ వేళ్లు మడిచి తనకు కావలసింది చెప్పారు. "ఎండల అంకె కనవడాలె. చెమట చేతితోటి నొక్కినా పలకాలె, గందుకే బటన్లుండాలె. దూరం దానంతల అదే ఆకాశంల చూస్కోవాలె, ఫోన్‌ను జేబుల పెట్టుకోని ఉరుకుమనొద్దు. చార్జింగ్ వారం రావాలె. ఇగ బరువు నేను చూస్కుంట." ఆ తర్వాత ఒక అరచేతిలో కండె, ఒక అరచేతిలో వాచీ పెట్టుకొని కళ్లు మూసుకున్నారు. ఒకటి పక్కన పెట్టారు. ఇంకొకటి పక్కన పెట్టారు. ఐదోదో ఆరోదో, ప్లాస్టిక్ ఒంటిది, బట్ట పట్టీది, చూడటానికి పిల్లల బొమ్మలా ఉంది. దాన్ని చేతిలో పెట్టుకొని కళ్లు తెరవకుండానే, "ఇది చీరె మీద వేసినా ముడత పడది," అన్నారు. దుకాణం అతనికి అంతకన్నా మంచిది అమ్మాలని ఉంది. సార్‌కు వినాలని లేదు.

వాడటం కూడా ఆయన పద్ధతిలోనే. మణికట్టు ఎముకకు కొంచెం పైన కట్టేవారు. పట్టీ ఎంత బిగించాలో అడిగితే "పోగు దూరాలె, వేలు దూరొద్దు," అనేవారు. గ్రౌండ్‌కు రాగానే చెట్ల కింద నిలబడనిచ్చేవారు కాదు. నడుమ బయలులోకి పోయి, చెయ్యి చాపి, వాచీకి ఆకాశం దొరికేదాకా, అంటే జీపీఎస్ అందేదాకా, ఆగమనేవారు. పిల్లలు పరేషాన్ అయ్యేవారు. "దానికి తొవ్వ దొరకనియ్యిర్రి. మీకు పెండ్లి పిలుపులున్నయా?" అని కసిరేవారు. ఉరికేటప్పుడు చూడనిచ్చేవారు కాదు. ఉరికొచ్చి, ఊపిరి తిరిగి, నీళ్లు తాగాకే చూడాలి. మధ్యలో ఎవరైనా మణికట్టు వైపు తల వంచితే ఈల పడేది.

"ఒక్కపారి చెప్పింది నమ్మకుర్రి. పదిపార్లు చెప్పింది ఇనుర్రి." ఇది ఆయన రెండో మాట. దీని వెనక ఒక కథ ఉంది, అందులోనే నా ఉద్యోగం కూడా ఉంది.

ఆడపిల్లలకు కానిస్టేబుల్ పరుగు ఎనిమిది వందల మీటర్లు. మా గ్రౌండ్‌లో నాలుగు చుట్లు తిరిగితే ఆ దూరం. ఆ చుట్టు కొలిచింది సారే, మేము పిల్లలుగా ఉన్నప్పుడు. అప్పుడు టేపు లేదు. ఇంట్లో మీటరు కట్టెతో నూలు దారం కొలిచి, ఉండ చుట్టి తెచ్చారు. గ్రౌండ్‌లో మేకులు పాతి దాన్ని చుట్టూ పట్టాం. "పడుగు లాగినట్టు బిగబట్టుర్రి!" అని అరిచారు. నేసే ఇంట్లో పుట్టినవాడికి దారం వదులుగా కనబడితే చేతులు ఊరుకోవు. నేనూ ఆ ఇండ్ల పిల్లనే, నా చేతులూ ఊరుకోలేదు. వదులుగా కొలిచిన దారాన్ని బిగబట్టి లాగి సున్నం రాళ్లు పాతాం. దారం సాగిందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఏండ్ల తర్వాత ఆ ప్లాస్టిక్ వాచీ వచ్చి చెప్పింది. నాలుగు చుట్లకు ముప్పై మీటర్లు ఎక్కువ. సార్ మొదటిరోజు దాన్నే తిట్టారు. రెండోరోజు మళ్లీ ఉరికారు. పది రోజులు ఉరికారు. రోజుకో అంకె చూపించింది గానీ ఒక్కరోజు కూడా ఎనిమిది వందలకు దగ్గరగా రాలేదు. అప్పుడు ఒక మేస్త్రి దగ్గర ఇనుప టేపు అడిగి తెచ్చి, మోకాళ్ల మీద కూర్చొని చుట్టంతా కొలిచారు. వాచీ చెప్పింది నిజమే. ఆ సాయంత్రం పాత పిల్లలందరికీ ఫోన్లు చేశారు.

"పిల్లా, తప్పయింది. మిమ్ములను గిన్నేండ్లు ఎక్కువ ఉరికిచ్చిన. మన్నించుర్రి."

నేను ఆ పరీక్షలో గట్టెక్కింది ఒక్క సెకను తేడాతో. దారం సాగకపోయి ఉంటే నేను ఈ రోజు ఏ ఇంటి మగ్గం ముందో కండెలు చుడుతూ ఉండేదాన్ని. ఆ మాటే సార్‌కు చెప్పాను. తర్వాత గ్రౌండ్‌లో సరైన చోట కొత్తగా సున్నం గీత గీశారు. పాత రాయిని మాత్రం పీకలేదు. "గీత పరీక్షకు. రాయి మీకు," అని కొత్త పిల్లలకు చెప్పేవారు.

ఇక అన్నిటికన్నా నాకు ఇష్టమైన అలవాటు ఇంట్లోది. సార్ ఉరికొచ్చి, స్నానానికి పోయే ముందు వాచీ విప్పి అమ్మ చేతికి కట్టేవారు. "నేను ఉరికిన, ఇగ నువ్వు ఉరుకు," అనేవారు. అమ్మ గుంటలోంచి కదలదు. పోగును అటూ ఇటూ మోసే నాడెను విసిరిన ప్రతిసారీ, పోగును దగ్గరికి కొట్టిన ప్రతిసారీ చెయ్యి ఊగుతుంది, ఆ వాచీ దాన్ని అడుగు అనుకుంటుంది. సాయంత్రానికి ఆమె కిలోమీటర్లు నడిచినట్టు చూపిస్తుంది. "అబద్ధం సార్ అది," అన్నాను ఒకసారి. "అడుగు అబద్ధం. చెయ్యి ఊగింది నిజమే గదా," అన్నారు.

అమ్మ తల్లిగారి ఊరు బల్మూర్. పెండ్లయ్యాక మగ్గం వదిలి పోయింది చాలా తక్కువ. సార్ ఆమెను రోజూ కొంచెం కొంచెం అక్కడికి నడిపించారు. మగ్గం పక్క గోడ మీద సుద్దముక్కతో రాసేవారు: గద్వాల, దాని కింద బీచుపల్లి, పెబ్బేరు, వనపర్తి, ఆఖరికి నాగర్‌కర్నూల్. ప్రతి సాయంత్రం వాచీ చదివి, ఆమె ఎంతదాకా పోయిందో చెప్పేవారు. బీచుపల్లి చేరిననాడు అంజన్నకు కొబ్బరికాయ కొట్టినవా అని అడిగారట. కృష్ణలో నీళ్లు నిండుగున్నయి, కాళ్లు కడుక్కోని వచ్చిన అని ఈమె చెప్పిందట. ఆ ముసలి దంపతుల సరసం గుర్తొస్తే ఒక్క నిమిషం నా కోపం దిగుతుంది.

ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు నాకు ఫోన్ వచ్చింది. నేను బందోబస్తులో ఉన్నాను.

"ఏంది పిల్లా, మీ అమ్మ నిన్న నాగర్‌కర్నూల్ చేరింది. నీ ఇంటి ముంగటినుంచే పోయిందంట. ఒక కప్పు చాయ్ గూడ పొయ్యకపోతివి?"

"సార్, పనిల ఉన్న. మళ్ల జేస్త," అని పెట్టేశాను. మళ్లీ చేయలేదు. ఆ నాలుగు రోజుల్లో నా వాచీలో పరుగు లెక్కలు చూసుకోవడానికి నాకు టైము దొరికింది. ఫోన్ చేయడానికి దొరకలేదు.

దినాలు అయ్యాక గ్రూపు అడ్మిన్ ఫోన్ చేశాడు. సార్ పేరు మీద ఆదివారం పరుగు పెడుతున్నారు, బ్యానర్ వేయిస్తున్నారు.

"చెల్లె, నువ్వు అడిగితే అమ్మ కాదనదు. సార్ వాచీ తీస్కరా. ఆఖరు పరుగు దాంట్లనే ఉంటది. గుండె గ్రాఫ్ గూడ ఉంటది. యాడ తగ్గుకుంట వచ్చిందో, యాడ ఆగిందో కనవడ్తది. బ్యానర్ మీద పెద్దగ ఏస్తే మస్తుంటది. జనం కదిలిపోతరు."

మనిషి గుండె ఆగిన చోటును గుడ్డ మీద అచ్చేసి రోడ్డు మీద కడతాడట. ఛీ. ఆ మాట అతని మొహం మీద అనాల్సింది. నేనేమన్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు. "సరే అన్నా, తెస్త," అన్నాను. మొహమాటంతో అన్నానని చాలారోజులు సర్దిచెప్పుకున్నాను. అది కాదు. ఆ గీత చూడాలని నాక్కూడా ఉంది.

పోయేసరికి అమ్మ మగ్గం మీద ఉంది. దినాలు కాగానే ఎక్కిందట, అది మూడో రోజు. ఎడమ చేతికి సార్ వాచీ ఉంది. పట్టీ మూడు రంధ్రాలు లోపలికి బిగించి ఉంది. నన్ను చూసి నాడె ఆపింది.

"రా బిడ్డా. మంచిగొస్తివి. నీ కోసమే చూస్తున్న."

ఆమె వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. అడగకుండానే పెట్టింది. మణికట్టు మీద పట్టీ అచ్చు పడి ఉంది.

"దీనికి చార్జింగ్ అయితే పెడుతున్న, ఆయన పెట్టినట్లే. చదవనీకి నాకు తెల్వది. ఆయన చదివి చెప్పెటోడు. మూడొద్దులాయె మగ్గమెక్కి, యాడిదాంక పోయిన్నో ఎవరు చెప్తరు? జర చూడు."

అంత తేలికైన వస్తువును నేను ఎప్పుడూ పట్టుకోలేదనిపించింది. బటన్ నొక్కాను. వారం రోజుల అడుగులు లోపల ఉంటాయి, అవి వెతుకుతున్నాను. వెతుకుతుంటే పరుగుల పట్టీ వచ్చింది. అన్నిటికంటే పైన ఆ పొద్దుటి తేదీ ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. నా బొటనవేలు దాని మీదికి పోయింది కూడా. తల ఎత్తి చూస్తే అమ్మ గూట్లోంచి సుద్దముక్క తీసి పట్టుకొని, పలక మీద మార్కులు వేయించుకునే పిల్లలాగా నా వైపే చూస్తోంది. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతకుముందు ఎవరి మీదా పుట్టలేదు. పాడె వెనక వాచీ నొక్కినవాడికీ నాకూ తేడా ఏముంది? వాడు బయట నొక్కాడు, నేను ఇంట్లోకి వచ్చి నొక్కబోయాను.

వెనక్కి బటన్ నొక్కాను. మూడు రోజుల అడుగులు తీసి, కిలోమీటర్లు కలిపాను.

"నాగర్‌కర్నూల్ దాటి పోయినవమ్మా. బల్మూర్‌కు ఇంక సగం తొవ్వనే ఉంది."

"సగమేనా? మస్తు వచ్చిన్నే! అటు తొవ్వల ఏమున్నయి బిడ్డా?"

"చేండ్లే అమ్మా. పత్తి పెట్టిండ్రు."

ఆమె కొంచెంసేపు ఆ తొవ్వను మనసులో చూసుకుంది. తర్వాత నన్ను చూసి, పెదవి విరిచి, అచ్చం ఆయనలాగే అంది.

"నీ ఇంటి ముంగటినుంచి పోతే చాయ్ గూడ పొయ్యకపోతివి."

నేను ఏడ్చాను. దాచుకోలేదు. ఆమె ఊరుకోమనలేదు, తానూ ఏడ్చింది. గోడ మీద నాగర్‌కర్నూల్ అని సార్ రాసిన అక్షరాల కింద నేను "సగం తొవ్వ" అని రాశాను. నా అక్షరాలు ఆయన అక్షరాల పక్కన వంకరగా ఉన్నాయి. వాచీని అమ్మ చేతికి మళ్లీ కట్టాను. పోగు దూరేంత వదులు ఉంచి, వేలు దూరకుండా బిగించాను. నా చేతికున్న ఇనుపముద్దను విప్పి సంచిలో పడేసి వంటింట్లోకి పోయాను.

పొయ్యి మీద పాలు పొంగుతుంటే అడ్మిన్ మెసేజ్ వచ్చింది, వాచీ దొరికిందా అని. "వాచీ ఇంక వాడుకల ఉంది అన్నా," అని కొట్టి ఫోన్ బంద్ చేశాను. ఆదివారం పరుగు ఎలాగూ జరిగింది. ఫొటోలు చూశాను. బ్యానర్ మీద సార్ బొమ్మ, దాని కింద ఎక్కడినుంచో తెచ్చి వేసిన, ఎవరి గుండెదో తెలియని ఎర్ర గీత. దాని ముందు నిలబడి అందరూ చేతులు ఎత్తి వాచీలు చూపించారు. నేను పోలేదు.

వాచీ మళ్లీ కట్టిన ఆ పొద్దు నేను చాయ్ తెచ్చేసరికి అమ్మ మళ్లీ నేయడం మొదలుపెట్టింది. గ్లాసును గుంట గట్టు మీద, ఆమె చెయ్యి అందేచోట పెట్టాను. "ఉండు బిడ్డా, జర ముంగటికి పోయి తాగుత," అంది. నాడె పోతోంది, వస్తోంది. చాయ్ మీద మీగడ కడుతోంది. ఆ సన్నని చేతి మీద వాచీలో అంకె ఒక్కొక్కటే పెరుగుతోంది, పత్తిచేండ్ల నడుమ నుంచి, బల్మూర్ వైపు.